ఒక స్పేస్ బార్ ఖరీదు

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం కొండాపూర్ నుంచి ఒక జంట మా షాపుకి వచ్చారు. చిక్కడపల్లి మెట్రోలో దిగి, సందులో మా బోర్డు వెతుక్కుని, మొదటి అంతస్తు ఎక్కేసరికి ఇద్దరికీ ఆయాసం. మా మెట్లు అలాంటివి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పక్కన కాఫీ పొడి వ్యాపారం మొదలుపెడుతున్నారు. పావుకిలో ప్యాకెట్, ఫిల్టర్ కాఫీ, 60 పాళ్లు కాఫీ, 40 పాళ్లు చికోరీ. పేరు పెట్టేశారు, లోగో గీయించుకున్నారు, పౌచ్ రంగు కూడా తేల్చుకున్నారు. ఆకుపచ్చ. వేరే చెప్పాలా.

"ముందువైపు పెద్దగా ఫెయిర్ ట్రేడ్ అని రావాలి సర్. అరకు కాఫీ అన్నది దాని కింద," అంది ఆ అమ్మాయి. ఫెయిర్ ట్రేడ్ అంటే, రైతుకు న్యాయమైన ధర ఇచ్చి కొన్న సరుకని చెప్పుకునే మాట.

"సర్టిఫికెట్ ఉందా అమ్మా?"

అబ్బాయి అందుకున్నాడు. "అక్కర్లేదు సర్. కలిపి రాస్తేనే లైసెన్స్ కావాలి. విడివిడిగా రాస్తే మామూలు మాటలే. మధ్యలో ఒక స్పేస్ కొడితే చాలు."

అతను చెప్పింది తప్పు కాదు. అందుకే వెంటనే ఏమీ అనలేకపోయాను. కింద హోటల్ నుంచి మూడు చాయ్‌లు తెప్పించాను. కాఫీ అమ్మేవాళ్ల చేత చాయ్ తాగించడం నాకు అదో తృప్తి.

నా సంగతి కొంచెం చెప్పాలి. 1998లో ఛత్తాబజార్‌లో ఒక పెళ్లికార్డుల ప్రెస్సులో పనికి చేరాను. అక్కడ మొదటి వారంలో నేర్చుకున్నది ఇదీ: వరుడి డిగ్రీ తప్పు అచ్చు పడితే మనదే పూచీ, డిగ్రీయే అబద్ధమైతే మనకేం సంబంధం లేదు. అక్షరం సరిగ్గా పడిందా లేదా అన్నది అచ్చు వేసేవాడి లెక్క. నిజమా కాదా అన్నది కాగితం ఇచ్చినవాడి లెక్క. తర్వాత పెళ్లికార్డులు తగ్గి, పచ్చళ్లు, పొడులు, చిక్కీలు, మిల్లెట్ బిస్కెట్ల లేబుళ్లు పెరిగాయి. అయినా ఆ సూత్రం పట్టుకునే చాలా ఏళ్లు లాక్కొచ్చాను.

దాన్ని చెడగొట్టింది మా చిన్నాయన.

పదేళ్ల కిందటి మాట. ఉస్మాన్‌గంజ్‌లో కందులు టోకున కొని, మిల్లు పట్టించి, కిలో ప్యాకెట్లు చేసి అమ్మే ఒకాయన స్టిక్కర్లు కావాలని వచ్చాడు. "తాండూరు రైతు నుంచి నేరుగా మీ వంటింటికి. రైతుకు న్యాయమైన ధర." పక్కన నవ్వుతున్న రైతు బొమ్మ ఉండాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికిన రైతులందరూ పంజాబీ తలపాగాల్లో ఉన్నారు. ఇక లాభం లేదని ఆదివారం పూట మా చిన్నాయన తలకు తువ్వాలు చుట్టి, మేడ మీద నిలబెట్టి, చేతిలో ఒక కందికొమ్మ పెట్టి ఫోటో తీశాను. చిన్నాయన ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యాడు. జీవితంలో నాగలి పట్టలేదు. కానీ నవ్వు మాత్రం గొప్పగా వచ్చింది.

ఐదు వేల స్టిక్కర్లు కొట్టి, నేనే బండి మీద పెట్టుకుని గోదాముకు తీసుకెళ్లాను. అక్కడ కందుల బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. బస్తాల మీద పెద్ద అక్షరాల్లో మొజాంబిక్ అని అచ్చు. ఇందులో వింతేం లేదు. మన దగ్గర పండే కంది మనకు చాలదు కాబట్టి మొజాంబిక్, టాంజానియా, మలావి, మయన్మార్‌ల నుంచి ఏటా దిగుమతి అవుతూనే ఉంటుంది. ఆ పప్పు తినడంలో తప్పు లేదు, అక్కడ పండించినవాళ్లూ రైతులే. ఎవరికి తెలుసు, ఆ మొజాంబిక్ రైతుకు మంచి ధరే దక్కిందేమో కూడా. కానీ ఆయన మొహం మీద మేం మా చిన్నాయన మొహం అంటించాం.

స్టిక్కర్లు ఇచ్చి డబ్బులు తీసుకుని వచ్చేశాను. ఆ సంగతీ దాచను.

రెండు నెలలకు ఉప్పల్ నుంచి చిన్నాయన ఫోన్. కిరాణా షాపులో తన బొమ్మ తనకే కనపడిందట. మొదట సంబరపడ్డాడు, ప్యాకెట్ కొని ఇంటికి తీసుకెళ్లి చిన్నమ్మకు చూపించాడు. చిన్నమ్మ కింద రాసింది చదివింది. అప్పుడు ఫోన్.

"నా ఫోటోకు ఎంత ఇచ్చిండురా ఆయన?"

"ఏమియ్యలేదు చిన్నాయనా."

"మరి న్యాయమైన ధర అని నా బొమ్మ కిందనే రాసినవ్ గదరా."

ఆ రోజు నుంచి "న్యాయమైన", "నేరుగా", "ఫెయిర్" అనే మాటలు టైపు చెయ్యాల్సి వస్తే నా వేలు కాస్త ఆగుతుంది. ఆగుతుందన్నానే గానీ, ప్రతిసారీ ఆగిపోయిందని చెప్పను. షాపు అద్దె కట్టాలి.

సరే, ఆ స్పేస్ గురించి. కలిపి రాసే ఫెయిర్‌ట్రేడ్ అన్నది ఒక సంస్థ గుర్తు. జర్మనీలోని బాన్ నగరంలో ఉండే ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ 1997లో ఏర్పడింది, నీలం ఆకుపచ్చల మధ్య చెయ్యెత్తిన మనిషిలా కనిపించే ఆ గుర్తు 2002లో వచ్చింది. మన దేశంలో ఫెయిర్‌ట్రేడ్ ఇండియా 2013లో మొదలైంది. ఆ గుర్తు వేసుకోవాలంటే రైతు సంఘం దగ్గర్నుంచి ప్యాక్ చేసేవాడి దాకా తనిఖీ ఉంటుంది, ఫీజు ఉంటుంది. విడదీసి రాసే ఫెయిర్ ట్రేడ్ మాత్రం ఊరుమ్మడి మాట. వరల్డ్ ఫెయిర్ ట్రేడ్ ఆర్గనైజేషన్ లాంటివి దాన్ని ఎంతో నిష్ఠగా వాడతాయి; వాళ్లు చూసేది ఒక సరుకును కాదు, సంస్థ మొత్తం పనితీరును. అదే మాటను ఎవరి గల్లాపెట్టె దగ్గరైనా ఎవరైనా వాడుకోవచ్చు కూడా.

తెలుగులో ఇది ఇంకా చిత్రం. "ఫెయిర్" పక్కన "ట్రేడ్" నేరుగా టైపు చేస్తే ర్, ట్ అతుక్కుని ఫెయిర్ట్రేడ్ అని వికారమైన వత్తు పడుతుంది. అలా పడకుండా డిజైనర్లం మధ్యలో ఒక కనపడని అక్షరం పెడతాం. అది చోటు తీసుకోదు, అచ్చులో కనిపించదు. కాబట్టి మా పనిలో కనపడని ఖాళీ పెడితే తనిఖీ ఉన్న సరుకు, కనపడే ఖాళీ పెడితే తనిఖీ లేని సరుకు. ఇంత చిన్న తేడాను చదివేవాళ్లు పట్టుకోవాలట! చిక్కడపల్లి కూరగాయల బండి దగ్గర నిలబడి, ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో ఫోనుతో.

ఈ ఖాళీ మీద ఇంగ్లండులో పెద్ద రభసే జరిగింది. 2017లో సెయిన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్ తన సొంత బ్రాండ్ టీ నుంచి ఫెయిర్‌ట్రేడ్ గుర్తు తీసేసి, దాని స్థానంలో "ఫెయిర్లీ ట్రేడెడ్" అని తన సొంత ముద్ర వేసుకుంది. చూడ్డానికి ఒక ప్రత్యయం మారింది, అంతే. కానీ పాత పద్ధతిలో అదనంగా వచ్చే ప్రీమియం సొమ్ము రైతుల సంఘాల చేతికి వచ్చేది, ఎక్కడ ఖర్చుపెట్టాలో వాళ్లే తేల్చుకునేవారు. కొత్త పద్ధతిలో ఆ సొమ్ము కంపెనీ ఫౌండేషన్ ద్వారా పోయేది. ఆఫ్రికా టీ రైతుల తరఫువాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. లండన్‌లో ఉండే మా తోడల్లుడు అప్పట్లో ఆ టీ డబ్బా ఒకటి తెచ్చాడు. లేబుల్ చాలా అందంగా ఉంది. అబద్ధం ఒక్కటీ లేదు. పాత డబ్బాకు అలవాటుపడిన కన్ను మాత్రం తేడా పోల్చుకోదు. మా వృత్తిలో దీన్ని మంచి డిజైన్ అంటారు.

నిజాయితీగా కనిపించిన లేబుల్ కూడా అతను తెచ్చిందే, ఒక చాక్లెట్. గుర్తు పక్కన చిన్న బాణం ఉంది. వెనక్కి తిప్పి చదవమని. వెనక ఏముందంటే, కోకో, చక్కెర లాంటివి కర్మాగారంలో మామూలు సరుకుతో కలిసిపోవచ్చు, కొన్నది మాత్రం లెక్క ప్రకారం అంత పరిమాణమే అని. దీన్ని మాస్ బ్యాలెన్స్ అంటారు. ఊళ్లో పాలకేంద్రం గుర్తు తెచ్చుకోండి. మా అమ్మమ్మ గేదె పాలు రెండు లీటర్లు పోస్తే పుస్తకంలో రెండు లీటర్లూ రాస్తారు, డబ్బులూ ఇస్తారు. కానీ మీ ప్యాకెట్‌లో వచ్చేవి ఆ గేదె పాలే కావు. లెక్క నిజం, చుక్క నిజం కాదు. కోకో, చక్కెర, టీ, పండ్ల రసాలకు ఈ వెసులుబాటు ఉంది. కాఫీకి లేదు, దాన్ని విడిగానే ఉంచాలి. ఆ బాణం నాకు నచ్చింది. చాలా చిన్నది, ఎవరూ చూడరు. అయినా పెట్టారు కదా.

మన రూల్స్ సంగతికొస్తే, నా టేబుల్ మీద దేశంలో తిండి సరుకుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల 2020 లేబులింగ్ నిబంధనలు, 2018 ప్రచార నిబంధనలు ప్రింటవుట్ తీసి కుట్టించుకున్న పుస్తకం ఉంటుంది. చాయ్ మరకలతో సహా. చిన్నచూపు చూడకండి, బోలెడు శ్రద్ధ ఉంది అందులో. బాదం బొమ్మ వేస్తే బాదం ఎంత శాతమో రాయాలి. పదార్థాలు ఎక్కువ బరువు నుంచి తక్కువ బరువుకు వరసగా రావాలి. మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క. బ్రాండ్ పేరులో "నేచురల్", "ప్యూర్" లాంటి మాట అర్థాన్ని వక్రీకరించేలా ఉంటే, ఇది కేవలం బ్రాండ్ పేరు మాత్రమే, సరుకు అసలు గుణాన్ని తెలపదు అని మూడు మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాల్లో కింద వేయాలి. అంటే నేతిబీరకాయ ప్యాకెట్‌లో పెట్టి అమ్మితే దానికీ ఆ ముక్క తగిలించాలేమో. 2024 జూన్‌లో పండ్ల రసాల మీద "100 శాతం" అన్న మాట తీసేయమన్నారు, నీళ్లు కలిపి తిరిగి తయారుచేసిన రసాలు కాబట్టి. ఆర్గానిక్‌కు 2017 నుంచి విడిగా నిబంధనలున్నాయి, జైవిక్ భారత్ గుర్తూ అప్పుడే వచ్చింది.

రైతుకు ఇచ్చిన ధరకు మాత్రం ఆ పుస్తకంలో గడి లేదు. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అని ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు, పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. కానీ ఎవరు చేస్తారు? తిన్నవాడికి కడుపునొప్పి రాదు. నొప్పి వచ్చినవాడు అరకు కొండ మీద ఉంటాడు, ఆయన ఆ ప్యాకెట్ చూడనే చూడడు.

మళ్లీ ఆ జంట దగ్గరికి. చాయ్ అయ్యాక నేను కాలిక్యులేటర్ తీశాను.

"రైతుకు ఎంతిస్తున్నారు బాబూ?"

"మార్కెట్ కంటే ఎక్కువే ఇస్తున్నాం సర్."

"ఎవరికి?"

"విశాఖలో మా సప్లయర్‌కి."

"ఆయన రైతుకు ఎంతిస్తున్నాడు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొంగలు కారు, పాపం. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, అంతే.

లెక్క కలిసి వేశాం. వాళ్ల పావుకిలో ప్యాకెట్‌లో కాఫీ 150 గ్రాములు. పచ్చి గింజ కిలో కావాలంటే ఐదారు కిలోల పండు కావాలి, వేయించితే బరువులో ఇంకో ఆరో వంతు పోతుంది. వేయించిన కిలోకు ఏడు కిలోల పండు అనుకుంటే, 150 గ్రాములకు దాదాపు కిలో పండు. చెట్టు నుంచి కోసిన ఒక కిలో ఎర్రపండు ఈ ప్యాకెట్. ఎంత సులువైన లెక్క చూడండి. రైతుకు కిలో పండు మీద ఎన్ని రూపాయలు ఎక్కువిస్తే, ప్యాకెట్ మీద అన్నే రూపాయలు. ఐదు ఎక్కువిస్తే ఐదు.

అసలు గుర్తు ఉన్న సరుకైతే ఎంత వస్తుందో కూడా చూశాం. నీళ్లలో కడిగి తీసిన అరబికా రకం కాఫీ గింజకు ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర పౌనుకు 2011 నుంచి 1.40 డాలర్లు ఉండేది, 2023 ఆగస్టు నుంచి 1.80 చేశారు. మార్కెట్ అంతకంటే కిందికి పడినప్పుడు రైతు సంఘాన్ని ఆదుకునేది ఈ మెట్టు. మార్కెట్ పైనుంటే మార్కెట్ ధరే. దాని మీద పౌనుకు 20 సెంట్లు ప్రీమియం, సంఘానికి. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అరబికా నాలుగు డాలర్లు దాటింది. అలాంటప్పుడు కనీస ధర మూలన కూర్చుంటుంది, ఆ ప్రీమియం ఒక్కటే తేడా. మా ప్యాకెట్ లెక్కన ఆ ప్రీమియం ఎనిమిది సెంట్లు కూడా కాదు. ఆరేడు రూపాయలు.

"మీ పౌచ్ ఎంత పడుతోంది?" అన్నాను.

"తొమ్మిది రూపాయలు సర్. జిప్‌తో."

అమ్మాయి నవ్వింది. అబ్బాయి నవ్వలేదు.

ఇంకొక ముల్లు ఉంది. చికోరీ. కాఫీలో చికోరీ కలిపితే ఎంత శాతం కాఫీ, ఎంత శాతం చికోరీ అని లేబుల్ మీద స్పష్టంగా రాయాలి, కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. ఎప్పటినుంచో ఉన్న రూలు. ఈ ప్యాకెట్‌లో నలభై పాళ్లు గుజరాత్‌లోనో ఉత్తరప్రదేశ్‌లోనో పండిన ఒక వేరు. ఆ వేరు తవ్వినవాళ్లకు ఏం దక్కిందో వీళ్లకు తెలియదు, నాకు తెలియదు. మరి "ఫెయిర్ ట్రేడ్" అన్న పెద్దక్షరాలు ఎంత మేరకు? మొత్తం ప్యాకెట్‌కా, అరవై పాళ్లకా? అసలు గుర్తు వాళ్ల దగ్గర కూడా ఇలా కలిపిన సరుకులో కనీసం 20 శాతం ఉంటే చాలు, దానితోపాటు ఫెయిర్‌ట్రేడ్‌లో దొరికేవన్నీ అందులోనివే కావాలన్న షరతుంది. శాతం వెనక రాస్తారు. వీళ్ల డిజైన్‌లో చికోరీ శాతం మూలన చిన్నగా ఉంది, న్యాయం నడిమధ్యన ఉంది.

"అంటే సర్, సర్టిఫికెట్ లేనివాళ్లు మంచి పని చేసినా చెప్పుకోకూడదా?" అడిగింది అమ్మాయి. కొంచెం కోపంగానే.

మంచి ప్రశ్న. చిన్నవాళ్లకు ఆ ఫీజులూ ఆ కాగితాలూ మోయలేని బరువు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఏళ్ల తరబడి చిరుధాన్యాలు పండిస్తున్నారు, 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. ఒకరి చేను ఒకరు చూసి, ఇది మందులు లేని పంటే అని పూచీ ఇచ్చుకునే పద్ధతి వాళ్లది. పార్టిసిపేటరీ గ్యారంటీ అంటారు. ఊళ్లో పక్క చేనువాడికి తెలియని రహస్యం ఉండదు కాబట్టి అది పనిచేస్తుంది. వాళ్ల కొర్రల ప్యాకెట్ మా ఇంట్లో ఉండేది. నా లాంటి డిజైనర్ చెయ్యి పడని సాదా స్టిక్కర్. నేను దాని ఫాంట్‌ను చూసి ముక్కు విరిచాను, మా ఆవిడ దానితో కిచిడీ చేసింది.

కాబట్టి గుర్తు లేనంత మాత్రాన మోసం కాదు. గుర్తు లేకపోతే అంకె ఉండాలి, నేను అడిగింది అంతే. "ఫెయిర్" తీసేసి, దాని బదులు ఎంత ఇచ్చారో వేయండి అన్నాను. ఫలానా మండలం, ఫలానా ఏడాది కాపు, కిలో పండుకు ఇంత.

"ధర ప్రతి సీజన్‌కూ మారుతుంది సర్. ప్రతిసారీ పౌచ్ మార్చి ప్రింట్ చేయించలేం," అన్నాడు అబ్బాయి. తప్పించుకునే గొంతు కాదు, నిజంగానే లెక్క చూసుకుంటున్నాడు. కనీసం పదివేల పౌచ్‌లు కొడితే గానీ ఆ తొమ్మిది రూపాయల రేటు రాదు.

ఇక్కడ మాత్రం నా ఛత్తాబజార్ చదువు పనికొచ్చింది. ప్రతి ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎమ్మార్పీ ఎలాగూ విడిగా కొడతారు కదా, ఇంక్‌జెట్‌తో, వెనక తెల్లగా వదిలిన గడిలో. ఆ గడి ఇంకో ఆరు మిల్లీమీటర్లు పెంచితే ఇంకో వరస పడుతుంది. "రైతుకు కిలో పండుకు రూ." అని పౌచ్ మీదే అచ్చు వేసేద్దాం, పక్కన ఖాళీ వదులుదాం. అంకె బ్యాచ్‌తో పాటు కొట్టుకోండి. అదనపు ఖర్చు సున్నా. అంకె లేని రోజు ఖాళీగా వదిలేయండి, కొనేవాళ్లు చూసుకుంటారు.

అమ్మాయికి వెంటనే నచ్చింది. అబ్బాయి కాసేపు గోడ మీద క్యాలెండర్ చూశాడు. పక్క కంపెనీవాళ్లు మా కొనుగోలు ధర తెలుసుకుంటారు సర్, అన్నాడు. తెలుసుకుంటారు. ఇంకా అడగాల్సింది ఉంది, సప్లయర్ ఆ ధర చెప్తాడా అని. చెప్పకపోతే వీళ్లు అరకు ఎక్కాలి, నేరుగా సంఘాల దగ్గర కొనాలి, దానికి సెలవులు పెట్టాలి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పంటకే చెందాలన్న హక్కు, వచ్చింది కాబట్టి ఆ పేరు వాడుకునే ముందు ఎలాగూ ఆ కాగితాలు చూసుకోవాల్సిందే. తాండూరు కందికి కూడా 2022లో వచ్చింది. మా చిన్నాయన బొమ్మ స్టిక్కర్ ఇప్పుడైతే అంత ధైర్యంగా వేయలేరేమో.

రెండు డిజైన్లు చేశాను. ఒకటి వాళ్లడిగినది, ఒకటి గడి ఉన్నది. రెండూ పంపించాను, డబ్బులు మాత్రం ఒకదానికే అడిగాను.

నిన్న మెసేజ్ వచ్చింది. గడి ఉన్నదే ఖాయం చేశారట, కానీ ఆ గడిని పౌచ్ వెనక నుంచి కింద మడత లోపలికి జరపమన్నారు. ప్యాకెట్ నిలబెడితే కనపడదు, ఎత్తి బోర్లిస్తే కనపడుతుంది. మా సిస్టమ్ మీద కూర్చునే కుర్రాడు "జరిపేయనా సార్?" అని రెండుసార్లు అడిగాడు. ఇంకా చెప్పలేదు. చిన్నాయనకు ఫోన్ చేసి అడుగుదామనుకుంటున్నాను.